ఆడపడుచు తల మీద రెండు గాట్లు

మా నానమ్మ కూరగాయలు తరిగితే పూటకో వేలు కోసుకునేది. అలాంటి మనిషి పిచ్చాసుపత్రిలో ఎనిమిదేళ్ళు ఆడవాళ్ళ తలలు గొరిగిందనీ, ఎవరికీ ఒక్క బొట్టు రక్తం రానివ్వలేదనీ చెప్తే నేను చాలాకాలం నమ్మలేదు. వంటింట్లో ఆవిడ కత్తి పట్టుకుంటే మేం గది ఖాళీ చేసేవాళ్ళం. తర్వాత, అక్కడ పనిచేసి రిటైరైన హెడ్ నర్సు ఒకసారి మా ఇంటికొచ్చి, "మీ నానమ్మ చేతిలో కత్తి వెన్నలో నడిచినట్టు నడిచేది, ఆ రెండుసార్లు తప్ప" అంది. అప్పుడు నమ్మాను. ఆ రెండుసార్ల సంగతే ఇది.

నానమ్మ అక్కడ ఆయాగా చేరింది. పక్క దుప్పట్లు మార్చడం, గిన్నెలు కడగడం, తలుపు దగ్గర తాళాలగుత్తితో కూచోవడం ఆవిడ పని. ఆడవాళ్ళ వార్డులోకి మంగలిని రానివ్వరు, మగవాడు కదా. తల ఆపరేషనుకి ముందు గుండు చెయ్యకుండా కుదరదు, తల కదా. ఈ రెండు 'కదా'ల మధ్య ఎవరో ఒకరు ఇరుక్కోవాలి. చెయ్యి వణకని మనిషి కోసం వెతికి, హెడ్ నర్సు నానమ్మ చేతిలో మంగలి కత్తి పెట్టింది.

నేర్చుకోవడానికి ఒక తల కావాలి. మా తాత తల అందుబాటులో ఉంది. తాత దర్జీ. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను. రోజంతా ఆయన మాట్లాడే మాటలన్నీ ఏరినా చొక్కా జేబు నిండదు. ఆ ఏడాది ఆయన తల మీద వెంట్రుక మొలిచిన పాపాన పోలేదు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు, "ఏమైందయ్యా, పెద్ద జ్వరమేమైనా వచ్చిందా?" అని అడిగేవాళ్ళు.

"నాకేం కాలేదు. మా ఆవిడకి ఉద్యోగం వచ్చింది" అనేవాడు తాత.

ఇక ఆపరేషను సంగతి. పెద్ద డాక్టరు ఒకాయన రెండు నెలలకోసారి, మంగళవారం పొద్దున్నే కారులో దిగేవాడు. ఆరేడు తలలు చూసి సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు. కణతలకి కాస్త పైన అటొకటి ఇటొకటి చిన్న కన్నాలు పెట్టి, సన్నటి పరికరం లోపలికి పోనిచ్చి, మెదడు ముందుభాగంలో కొన్ని తీగలు తెంపేవాడు. మనిషి గొడవంతా ఏ తీగలో ఉందో ఆయనకెలా తెలుస్తుందని నానమ్మ ఒకసారి హెడ్ నర్సుని అడిగింది.

"తెలియదు. అందుకే కొన్ని తెంపుతారు" అంది హెడ్ నర్సు.

రోగుల చుట్టాలకి మాత్రం పెద్ద డాక్టరు ఒక్కటే మాట చెప్పేవాడు: "నిమ్మళంగా ఉంటుంది." సంతకం పెట్టే ఫారంలో కూడా 'రోగిని నిమ్మళపరచు నిమిత్తం' అనే ఉండేది. ఆపరేషనయ్యాక రిజిస్టరులో రాసేదీ ఆ మాటే. ఇంట్లో పదేళ్ళుగా నిమ్మళమంటే ఏమిటో మరిచిపోయినవాళ్ళకి అది చెవిలో తేనె పోసినట్టుండేది. వాళ్ళని నేనేమీ అనను. మా ఇంట్లోవాళ్ళకీ అలాగే అనిపించింది.

మా ఇంట్లో నిమ్మళం లేనిది తాత అక్క వల్ల. ఆవిడకి మేం పెట్టిన పేరు కంచు. చాటుగానే అనేవాళ్ళం, కానీ ఆవిడ ఎదురుగా మాట్లాడితే మన మాట వినపడేది కాదు కనుక ఎదురుగా అన్నా నష్టం లేదు. తల్లి పోయాక తాతని పెంచింది కంచే. మిషను కూడా నిజానికి ఆవిడదే. మొగుడు పోయి తమ్ముడి పంచన చేరిందని వీధిలో అనుకునేవాళ్ళు గానీ, పంచ ఆవిడది, చేరింది తాత. చొక్కాలకి కాజాలు కుట్టేది. చొక్కా చిరిగి మసిగుడ్డ అయినా కంచు కుట్టిన కాజా చెక్కుచెదరదు. కుడుతూ తిట్టేది, తిడుతూ కుట్టేది. అందులో ముప్పాతిక వంతు తిట్లు నానమ్మకి.

"ఏమే, అన్నం వార్చావా, గంజిలో గింజలు ఏరుకోమన్నావా?"

"ఏరుకో వదినా. నోటికి కాస్త పని దొరుకుతుంది."

పెళ్ళయిన రోజునుంచీ ఇదే వరస. ఇంతవరకే అయితే ఆసుపత్రి దాకా పోయేది కాదు. ఏడాదికి రెండు మూడు నెలలు కంచుకి నిజంగానే మనసు చెదిరేది. నిద్ర ఉండేది కాదు. గోడ వెనక ఎవరో కూచుని తను కుట్టిన కాజాలన్నీ విప్పేస్తున్నారనేది. గోడకి చెవి ఆనించి వాళ్ళతో పోట్లాడేది. ఒక మధ్యాహ్నం ఆ గోడలోవాళ్ళ మీదికని నిప్పులతో ఉన్న ఇస్త్రీపెట్టె కిటికీలోంచి విసిరింది. అది కింద ఆగివున్న సైకిలు మీద పడి సీటు కాలిపోయింది. సైకిలాయన అప్పుడే దిగి టీ తాగడానికి వెళ్ళాడు. ఆ టీ లేకపోతే మా వంశచరిత్ర ఇంకోలా ఉండేది.

ఆసుపత్రిలో చేర్చక తప్పలేదు. నానమ్మకి ఇంట్లో తిట్లు చాలవన్నట్టు ఉద్యోగంలో కూడా తిట్లు మొదలయ్యాయి. వార్డు ఆ చివర మంచం మీద కూచుని కంచు ఈ చివరికి వినపడేలా పరిచయం చేసేది: "ఆ తాళాలగుత్తి పట్టుకు తిరుగుతోందే, అది నా మరదలు. దానికి కూరలో ఉప్పెయ్యడం రాదు. దాన్ని నమ్మి మీకు తాళాలెవరిచ్చారో."

ఈసారి ఎనిమిది నెలలైనా తగ్గలేదు. ఆపరేషను చేయిస్తే నయమని డాక్టర్లన్నారు. తాత ఫారం ఇంటికి తెచ్చి మిషను మీద పెట్టి రెండు రోజులు చూశాడు. మూడోరోజు నానమ్మని అడిగాడు.

"నువ్వేమంటావు?"

"నిమ్మళంగా ఉంటుందంటున్నారుగా. పెట్టు."

తాత పెట్టాడు. ఇది నానమ్మ దాచిన విషయమేమీ కాదు. ఎవరడిగినా ఈ ముక్క ముందు చెప్పి, తర్వాతే మిగతాది చెప్పేది.

నానమ్మ అప్పటికి చాలా తలలు గొరిగింది గానీ, ఆ తలల్ని మళ్ళీ చూసింది తక్కువ. ఆపరేషనైనవాళ్ళని అవతలి కట్టడంలో ఉంచి, అటునుంచి అటే ఇళ్ళకి పంపేసేవాళ్ళు. ఒక్క టీచరమ్మని మాత్రం తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. అందుకని ఆరువారాల తర్వాత పాత వార్డుకే తెచ్చారు. తాత సంతకం పెట్టిన వారానికి వచ్చిందావిడ.

ఈ టీచరమ్మ ఆపరేషనుకి ముందు వార్డందరి మాటలూ దిద్దేది. నానమ్మకి 'ఆసుపత్రి' అనడం రాదు, 'ఆస్పిట్రీ' అనేది. టీచరమ్మ మంచం దిగి వచ్చి, నానమ్మ దుప్పట్లు మోస్తుంటే వెనకే తిరుగుతూ, "ఆ-సు-ప-త్రి. అను. ఇక్కడే జీతం తీసుకుంటూ దీని పేరు పలకలేకపోతే ఎలా?" అనేది. నానమ్మకి ఒళ్ళు మండేది. ఆ తల కూడా తనే గొరిగింది, మహా శుభ్రంగా.

తిరిగొచ్చిన టీచరమ్మ మంచం మీద కూచుని తువ్వాలు మడతపెడుతోంది. పెట్టింది విప్పి మళ్ళీ పెడుతోంది. నానమ్మ పక్కన చేరి పలకరించింది.

"ఏం టీచరమ్మా, మళ్ళీ మా ఆస్పిట్రీకే వచ్చావా?"

"వచ్చాను."

"ఆస్పిట్రీలో బాగుందా?"

"బాగుంది."

"ఆస్పిట్రీ" అంది నానమ్మ మూడోసారి, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త వంకరగా. టీచరమ్మ నవ్వి తువ్వాలు మడిచింది. రిజిస్టరులో నిమ్మళంగా ఉందని రాశారు. అబద్ధం కాదు. చాలా నిమ్మళంగా ఉంది.

నానమ్మ ఆ రోజు ఇంటికొచ్చి తాతతో ఏమీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? తన తప్పు ఎవరూ దిద్దలేదని చెప్తే ఎవరు ఏడుస్తారు? తనే ఒప్పుకుని పెట్టించిన సంతకమాయె. డాక్టర్లతో అనడానికి తనో ఆయా. మూడువారాల్లో మంగళవారం వచ్చేసింది.

పొద్దున్నే నీళ్ళగదిలో స్టూలు మీద కంచుని కూచోబెట్టారు. వెంట్రుకలు కత్తిరించి, సబ్బునురగ పట్టించి, నానమ్మ కత్తి తీసింది.

"తల వంచు వదినా."

"ఇన్నాళ్ళకి నా తల నీ చేతికి దొరికింది. లోపల సంబరంగా ఉండి ఉంటుంది."

"కదలకు."

"నేనెక్కడ కదిలానే? కదిలేది నీ చెయ్యి. ఉప్పుకీ ఇంతే, కత్తికీ ఇంతే, ఏ పనికైనా ఒక చెయ్యంటూ ఉండాలి మనిషికి. నా తమ్ముడికి నిన్ను చూసినరోజే అన్నాను..."

ఏమందో ఆరోజు పూర్తి కాలేదు. కుడిచెవి పైన అంగుళం పొడవున కత్తి దిగింది. కంచు పెట్టిన కేకకి అవతలి కట్టడంలో చేతులు కడుక్కుంటున్న పెద్ద డాక్టరు సబ్బు జారవిడిచాడట.

గాటున్న తలని ఆయన ముట్టడు. చీము పడితే లోపలికి పాకుతుందని ఆయన నియమం. ఆ సంగతి వార్డులో అందరికీ తెలుసు, నానమ్మకి ఇంకా బాగా తెలుసు. గాటు మానడానికి రెండువారాలు. ఆయన మళ్ళీ వచ్చేది రెండు నెలలకి.

"మరి కావాలనే కోశావా?" అని నేనడిగితే నానమ్మ కాసేపు ఆలోచించేది. ఆవిడ అబద్ధమాడదు, అదే చిక్కు.

"కావాలనే. కానీ ఆ గాటులో సగం కసేనే. ఉప్పు సంగతి ఎత్తకపోతే అంత పొడుగు కోసేదాన్ని కాదు."

మొదటిసారి అందరూ పొరపాటనుకున్నారు. ఎనిమిదేళ్ళకి ఒక్కటి ఎవరికైనా జరుగుతుందని హెడ్ నర్సు సర్దిచెప్పింది. రెండు నెలల తర్వాత మళ్ళీ మంగళవారం, మళ్ళీ నీళ్ళగది, మళ్ళీ కంచు తల. ఈసారి ఎడమచెవి పైన. అదే రోజు ఇంకా ఐదు తలలు గొరిగింది నానమ్మ, ఐదూ అద్దాల్లా ఉన్నాయి. దాంతో వార్డంతటికీ అర్థమైపోయింది. అంటే, అర్థమైందని అందరూ అనుకున్నారు.

హెడ్ నర్సు నానమ్మని దుప్పట్ల గదిలోకి పిలిచి తలుపేసింది.

"నీకూ ఆవిడకీ ఇంట్లో పడదని నాకు తెలుసు. అత్తింటి పగలు ఇంట్లో తీర్చుకోవాలి గానీ ఇక్కడా?"

నానమ్మ నోరు తెరిచింది. 'కసి కాదమ్మా, కాపాడుదామని' అంటే ఉద్యోగం ఉండదు, పైగా కంచు తలని వచ్చేసారి ఇంకొకరు గొరుగుతారు. కసి అని ఒప్పుకుంటే తిట్టి వదిలేస్తారు. ఆడపడుచు మీద మరదలికి కసి ఉండటం ఏ ఆసుపత్రిలోనూ రోగం కిందికి రాదు.

"కోపం ఆగలేదమ్మా" అంది నానమ్మ.

"ఆగలేదట" అని హెడ్ నర్సు నవ్వాపుకుంటూ వెళ్ళి పెద్ద డాక్టరుకి చెప్పింది. ఆయన గ్లవ్సు తీసేస్తూ, "ఈ వదినామరదళ్ళ జబ్బుకి నా దగ్గర పరికరం లేదు" అన్నాడు. ఆ మాటకి కాంపౌండరు దగ్గర్నుంచి కాపలావాడి దాకా రెండు రోజులు నవ్వారు. చేతిలో కత్తి ఉంటే తమ ఆడపడుచుల్ని ఏం చేసేవాళ్ళో నర్సులు ఒకరికొకరు చెప్పుకున్నారు. నానమ్మకి మాత్రం ఎనిమిదేళ్ళ మంచిపేరు పోయింది. దానికంటే పెద్ద చిక్కు, వచ్చేసారి కంచు తల తానే గొరుగుతానని హెడ్ నర్సు తేల్చేసింది.

ఈ కబురు తాత చెవిన పడింది. ఆసుపత్రికి రోగుల గౌన్లు కుట్టేది ఆయనే, గౌన్లు ఇవ్వడానికి వెళ్తే అక్కడివాళ్ళే నవ్వుతూ చెప్పారు. ఇంటికొచ్చి మిషను ముందు కూచున్నాడు గానీ తొక్కలేదు.

"ఇంత పగ ఏంటే నీకు? అది నన్ను పెంచిన మనిషి."

"పగ కాదు."

"రెండుసార్లు కోశావు."

"కోశాను. కొయ్యకపోతే ఈపాటికి తువ్వాలు మడుస్తూ ఉండేది."

తాతకి అర్థం కాలేదు. నానమ్మ టీచరమ్మ సంగతి, ఆస్పిట్రీ సంగతి అంతా చెప్పింది. తాత నమ్మలేదు. కోసిన సంగతి కప్పిపుచ్చుకోవడానికి అల్లిన కథ అనుకున్నాడు. పైగా, మనిషి ఒక తప్పు దిద్దకపోతే ఏమైంది, అందరూ దిద్దుతున్నారా అన్నాడు. నానమ్మ ఇంక వాదించలేదు. ఆదివారం మధ్యాహ్నం, చుట్టాలు చూడ్డానికి వచ్చే వేళకి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి టీచరమ్మ మంచం ముందు నిలబెట్టింది.

టీచరమ్మ తాతకి కొత్త కాదు. మంచిగా ఉన్న రోజుల్లో ఆవిడ బట్టలు ఆయన దగ్గరే కుట్టించుకునేది. ఒక జాకెట్టు మెడ దారప్పోగంత పక్కకి పోయిందని నాలుగుసార్లు విప్పించింది. ఆవిడ వీధి మలుపులో కనబడితే తాత మిషను ఆపి లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేవాడు. ఆ టీచరమ్మ ఇప్పుడు తాత కుట్టిన గౌను తిరగేసి తొడుక్కుని కూచుంది. కుట్లన్నీ పైకి కనబడుతున్నాయి.

"గౌను తిరగబడిందమ్మా" అన్నాడు తాత.

"అవును."

తాత కాసేపు ఆ కుట్లనే చూశాడు. "లేదు లెండి, సరిగానే ఉంది" అన్నాడు.

"అవును" అని నవ్వింది టీచరమ్మ.

తాత అక్కణ్ణుంచి కదిలి నేరుగా వరండా చివర గుమాస్తా గదికి వెళ్ళాడు. నానమ్మ వెనక పరిగెత్తాల్సొచ్చిందట. దారిలో కంచు మంచం మీదనుంచి, "ఏరా, నా తల కోసినదాన్ని వెంటేసుకుని తిరుగుతున్నావా?" అని అరిచింది. తాత ఆగి అక్క వైపు చూశాడు. అంత కోపంగా ఉన్నా ఆయన మొహంలో నవ్వొచ్చిందని నానమ్మ అనేది. కంచుకి అది ఇంకా మండింది.

గుమాస్తా ఫైలు తీశాడు.

"నా సంతకం నాకిచ్చెయ్యండి" అన్నాడు తాత.

"సంతకం ఇవ్వడమేంటయ్యా? అదేమన్నా గొడుగా, మరిచిపోయి వెళ్ళడానికి?"

"ఆపరేషను వద్దు."

"వద్దనడానికి ఫారం లేదు. ఒప్పుకోడానికే ఉంది. ఇన్నేళ్ళలో వద్దన్నవాళ్ళు లేరు."

"మరి ఏ ఫారం ఉంది?"

గుమాస్తా సొరుగులన్నీ వెతికి, అంచులు పసుపెక్కిన కాగితం ఒకటి తీశాడు. సొంత పూచీ మీద రోగిని ఇంటికి తీసుకుపోయే ఫారం. రోగి ఏం విసిరినా, ఎవరి మీద పడినా ఆసుపత్రికి సంబంధం లేదని దాని సారాంశం. తాత సంతకం పెట్టాడు. గుమాస్తా కాగితం వెనక్కి తిప్పాడు.

"ఇక్కడ ఇంకోటి. పగలంతా రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషి. మగవాళ్ళది చెల్లదు, ఆడరోగి కాబట్టి ఇంట్లో ఆడమనిషిది."

మా ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంది. ఆవిడకి పగలంతా ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగం ఈ వరండాలోనే ఉంది. తాత నానమ్మ వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. ఇలాంటప్పుడు అడగకపోవడమే ఆయన అడిగే పద్ధతి.

"ఆలోచించుకోమ్మా" అన్నాడు గుమాస్తా. "ఎనిమిదేళ్ళ సర్వీసు. ఆవిడ నోరు నాకూ తెలుసు, ఈ గదిలోకి కూడా వినపడుతుంది. ఇంకో మంగళవారం ఓపిక పడితే అందరికీ నిమ్మళం."

నానమ్మ ఆలోచించింది. ఆలోచించలేదని గొప్పలు చెప్పుకునేది కాదు. వంటింట్లో వినబోయే మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయట. తర్వాత తాళాలగుత్తి నడుముకి ఉన్న తాడులోంచి విప్పి బల్ల మీద పెట్టి, కలం అడిగింది. పేరు ఎప్పుడూ తప్పే రాసేది, ఆరోజూ తప్పే రాసింది.

కంచు ఇంటికొచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు బతికింది. కొన్నాళ్ళకి మాత్రలొచ్చాయి, పెద్ద డాక్టరు రావడం మానేశాడు. మాత్రలు గోడలోవాళ్ళని చాలావరకు వెళ్ళగొట్టాయి గానీ పూర్తిగా కాదు. చెడ్డ నెలలు నిజంగా చెడ్డగానే ఉండేవి. ఒకసారి మూడురోజులు వరసగా పళ్ళేలు విసిరితే నానమ్మ మెట్ల మీద కూచుని, "మూడోసారి కూడా నన్నే గొరగమని ఉంటే శుభ్రంగా గొరిగేదాన్ని" అని ఏడవడం నేను చూశాను. నాలుగోరోజు అన్నం కలిపి తినిపించడం కూడా చూశాను. మంచి నెలల్లో ఇద్దరూ కాజాల దగ్గర, కూరల దగ్గర, కిటికీ తలుపు దగ్గర పోట్లాడుకునేవాళ్ళు. కంచు చెవుల పైన రెండు తెల్లటి గీతలుండేవి, వాటి మీద వెంట్రుకలు మొలవలేదు. ఇంటికెవరొచ్చినా జుట్టు పక్కకి తీసి చూపించేది: "మా మరదలి చేతి పనితనం."

"నానమ్మా, అసలు సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదా?" అని ఒకరోజు అడిగాను. కంచుకి అప్పటికి ఎనభై దాటాయి, పక్కగదిలో కళ్ళద్దాలు పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఎందుకు చెప్పలేదు? రెండుసార్లు చెప్పాను."

"ఏమంది?"

"కావాలంటే ఇప్పుడు నీ ఎదురుగా మళ్ళీ చెప్తా చూడు" అని నానమ్మ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. "వదినా, ఆరోజు నీ తల కోసింది కసితో కాదు. నిన్ను ఆ ఆపరేషను నుంచి తప్పిద్దామని."

కంచు సూది దించి కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"మళ్ళీ మొదలెట్టావా? కోసింది కాక పైన పుణ్యం కూడా కావాలా నీకు? పోవే, పోయి పొయ్యి మీద ఏదో మాడుతోంది చూడు."

నిజంగానే మాడుతోంది. నానమ్మ వెళ్ళి దించింది.